సైటుకు అద్దె మరుగుదొడ్లు తెచ్చే ముందు వేయాల్సిన లెక్క

సంపాదకులకు నమస్కారం.

కట్టడాల దగ్గర పెట్టే అద్దె మరుగుదొడ్లు మొదటి వారం బాగానే ఉంటాయి. రెండో వారంలో తలుపు తీసినవాళ్లు ముక్కు మూసుకుని వెనక్కి తిరుగుతారు. మూడో వారానికి కూలీలు మళ్లీ గోడ చాటుకే పోతారు. అప్పుడు కాంట్రాక్టరు నోట వచ్చే మాట ఒకటే: ‘పెట్టాం, వాళ్లే వాడరు.’ ఈ మాట సరికాదు. చాలాచోట్ల తప్పు వాడేవాళ్లది కాదు, ఆర్డరిచ్చేటప్పుడు వేసిన లెక్కది. సైటు ఇంజినీర్లు, మేస్త్రీలు, సొంతంగా కట్టించుకునేవాళ్లు చదువుతారని ఈ ఉత్తరం.

మామూలుగా జరిగేది ఏమిటంటే, ‘అరవై మంది ఉన్నారు, రెండు పెట్టండి’ అని ఫోనులో చెప్పేస్తారు. చట్టం అడిగే కనీసానికీ, పని జరిగే సంఖ్యకూ చాలా తేడా ఉంది. ఉదాహరణకు అమెరికాలో ఓషా (పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధన ప్రకారం ఇరవై మంది దాటిన సైటులో ప్రతి 40 మందికి ఒక సీటు, ఒక యూరినల్ చాలు. అంటే 60 మందికి రెండేసి. అదే దేశంలో ఈ అద్దె పరిశ్రమ పాటించే ఏఎన్ఎస్ఐ (అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం మాత్రం వారానికి 40 గంటల పనికి, వారానికి ఒకసారి ఖాళీ చేసే లెక్కన, పది మందికి ఒక క్యాబిన్, అంటే ఒక అద్దె మరుగుదొడ్డి డబ్బా, ఉండాలంటుంది. అంటే 60 మందికి ఆరు. శుభ్రం చేసే చేతులకు రెండో లెక్కే తెలుసు.

ఆ ఆరు కూడా 40 గంటల వారానికే. మన పని రోజుకు పది గంటలు, వారానికి ఆరు రోజులు అయితే 60 గంటలు. పది మంది, 40 గంటలు కలిపితే ఒక క్యాబిన్ వారానికి మోయగలిగేది 400 మనిషి గంటలు. అరవై మంది 60 గంటలు పనిచేస్తే 3,600. భాగిస్తే తొమ్మిది క్యాబిన్లు. రాత్రి షిఫ్టు ఉంటే ఆ మనుషులనూ విడిగా కలపాలి. ‘వాళ్లూ అవే వాడతారు’ అని వదిలేస్తే లెక్క అక్కడే చెడుతుంది. సగటు హాజరు పట్టుకోవడం ఇంకో పొరపాటు. స్లాబు పోసే రోజు సెంట్రింగు, రాడ్‌బెండింగు, కాంక్రీటు వాళ్లంతా ఒకేసారి దిగుతారు. ఆ రోజు మనుషులను చూసి అదనపు క్యాబినైనా, మురికి లాగేసే ట్యాంకరు అదనపు ట్రిప్పైనా ముందే చెప్పి ఉంచాలి.

అన్నిటికన్నా పెద్ద తప్పు నీళ్ల దగ్గర జరుగుతుంది. ఈ లెక్కలన్నీ కాగితంతో తుడుచుకునే వాడకం మీద వేసినవి. కడుక్కునే వాళ్లు వాడితే ట్యాంకు ఎలా నిండుతుందో చూడండి. మామూలు క్యాబిన్ ట్యాంకు సుమారు 225 లీటర్లు. ఖాళీ చేశాక అడుగున వాసన ఆపే మందు కలిపిన నీళ్లు 20 లీటర్లు పోస్తారు. పది మంది, ఆరు రోజులు: మనిషికి రోజుకు లీటరు మూత్రం అనుకుంటే 60 లీటర్లు, మలం మరో పది. మొత్తం తొంభై, అంటే సగం కూడా కాదు. ఇప్పుడు రోజుకు ఒక్కసారి రెండు లీటర్ల నీళ్లతో కడుక్కున్నారనుకోండి, అదే 120 లీటర్లు. మొత్తం 210. శనివారానికి మురికి సీటు దగ్గరిదాకా పైకి వచ్చేస్తుంది, కూర్చున్నవాళ్ల మీద చిందుతుంది. మందు నీళ్లు కూడా పలచబడి వాసనను ఆపలేవు. కాబట్టి నీళ్లు వాడేచోట క్యాబిన్లు పెంచినా సరే, వారానికి రెండుసార్లు ఖాళీ చేయించక తప్పదు. ‘నీళ్లు పెట్టొద్దు’ అని బకెట్టు తీసేస్తే ట్యాంకు నిండదు నిజమే, ఆ దొడ్డి ఎవరూ వాడరు కాబట్టి.

ఆ మందు రంగే సమాచారం చెబుతుంది. పోసినప్పుడు ముదురు నీలంగా ఉంటుంది. ఆకుపచ్చకు తిరిగిందంటే వాడకం దాని శక్తి దాటిపోయిందని అర్థం, ట్యాంకరును పిలవాలి. అప్పుడు కొందరు సైటులో ఉన్న బ్లీచింగ్ తెచ్చి గుమ్మరిస్తారు. దయచేసి ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. మూత్రంలోని అమ్మోనియాతో బ్లీచింగ్ కలిస్తే క్లోరమైన్ వాయువు పుడుతుంది. నాలుగడుగుల డబ్బాలో తలుపు మూసుకుని కూర్చున్న మనిషికి అది ఊపిరితిత్తుల మీద దెబ్బ. సూక్ష్మజీవులతో పనిచేసే మందు పోసి ఉంటే అది కూడా చచ్చిపోతుంది.

వాసన విషయంలో ఇంకో చిన్న సంగతి. ట్యాంకు పైనుంచి కప్పు దాకా ఒక గొట్టం ఉంటుంది. పక్క జాలీల్లోంచి గాలి లోపలికి వచ్చి, ఆ గొట్టం గుండా వాసనతో పైకి పోవాలి. దుమ్ము పడుతోందని జాలీలకు పాలిథిన్ కవరు కట్టేస్తే వాసనంతా లోపలే తిరుగుతుంది.

ఎక్కడ పెట్టాలనేది ట్యాంకరును దృష్టిలో పెట్టుకుని తేల్చాలి. గేటు పక్కన పెడితే ట్యాంకరు సులువుగా వస్తుంది, కానీ పని జరిగేచోటికి దూరం. పని పక్కనే ఓ మూలన పెడితే అందరికీ దగ్గర, కానీ వారం తిరిగేసరికి ఎదురుగా ఇసుక కుప్ప, కడ్డీల కట్టలు పడిపోతాయి. డ్రైవరు పది మీటర్ల గొట్టం పట్టుకుని చూసి వెనక్కి వెళ్లిపోతాడు, ఆ ట్రిప్పుకు బిల్లు మాత్రం వస్తుంది. అందుకే క్యాబిన్ ముందు ట్యాంకరు నిలిచే జాగాను సున్నంతో గీసి, అక్కడ సరుకు దించొద్దని మేస్త్రీకి చెప్పాలి. వాన పడితే చక్రం దిగబడే నేల అయితే కంకర పరచాలి. బేస్‌మెంటులో పెట్టే ఆలోచన ఉంటే మానుకోవడం మేలు. పంపు ఎంత బలంగా లాగినా నీళ్లు పది మీటర్లకు మించి ఎక్కవు. చిక్కటి మురికికైతే అందులో సగమే నమ్మాలి.

ఎత్తు పెరిగే కొద్దీ కింద ఉన్న క్యాబిన్లు లేనట్టే. పన్నెండో అంతస్తులో ఉన్నవాళ్లు లిఫ్టు కోసం పది నిమిషాలు ఆగి కిందికి రారు. పైపులు దిగే డక్టు మూలల్లో మూత్రం సీసాలు పోగవుతాయి. హాయిస్టులో (సరుకు ఎక్కించే సైటు లిఫ్టులో) పట్టే చక్రాల క్యాబిన్లు, క్రేనుతో ఎత్తేందుకు ఉక్కు చట్రం ఉన్నవి దొరుకుతాయి. కొన్ని అంతస్తులకొకటి ఉండాలి. ఎత్తే ముందు ట్యాంకు ఖాళీ చేయించాలి. ఖాళీ క్యాబిన్ తేలిక కాబట్టి గాలికి పడిపోకుండా నేలకో, స్లాబుకో బిగించాలి.

ఆడవాళ్ల క్యాబిన్ విడిగా ఉండాలి. 1988 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 167వ ఒప్పందం కూడా ఇదే అంటుంది. తలుపు మీద బొమ్మ వేస్తే చాలదు. లోపలి గొళ్లెం గట్టిగా పడాలి, చీకటి పడ్డాక లైటు వెలగాలి, మూత ఉన్న చెత్తబుట్ట ఉండాలి. బుట్ట లేకపోతే ప్యాడ్లు ట్యాంకులోకే పోతాయి, ఖాళీ చేసే గొట్టంలో ఇరుక్కుంటాయి, ఆ రోజు పని ఆగిపోతుంది. వెళ్లే చోటు లేక ఎండలో పొద్దంతా నీళ్లు తాగకుండా ఉండే ఆడకూలీల సంగతి ఇంజినీర్లకు తెలియనిది కాదు.

చేతులకు శానిటైజర్ సీసా వేలాడదీసి సరిపెట్టొద్దు. సిమెంటు క్షారం, అది చర్మాన్ని తినేస్తుంది. శానిటైజర్ దాన్ని తీయదు. కాలితో తొక్కే పంపున్న నీళ్ల తొట్టి, సబ్బు కావాలి.

ఒప్పందం కాగితం మీద అద్దె ఒక్కటే రాసుకుంటే తర్వాత గొడవే. అద్దెకిచ్చేవాళ్లు ఏ రోజుల్లో వస్తారు, వచ్చి ఏం చేస్తారు (ఖాళీ చేయడం, గోడలు నేల కడగడం, 20 లీటర్ల మందు నీళ్లు పోయడం, సబ్బు నింపడం), రాని రోజుకు ఎంత తగ్గిస్తారు, అదనపు ట్రిప్పుకు ఎంత, చోటు మార్చడానికి ఎంత — ఇవన్నీ ముందే తేల్చుకోవాలి. తలుపు లోపల తేదీ, సంతకం వేసే అట్ట ఉండాలి. ట్యాంకరు మురికిని ఎక్కడ దించుతుందో తెలిసేలా శుద్ధి కేంద్రం రసీదు ప్రతిసారీ అడగాలి. రసీదు ఇవ్వలేనివాడు దాన్ని రాత్రిపూట కాలువలో వదులుతున్నాడేమో అని అనుమానించాల్సిందే. అక్కడ కలిసేది ఇంకొకరు తాగే నీళ్లలో.

కట్టడానికి అనుమతి ఇచ్చే కార్యాలయాలు ప్లానుతో పాటు ఈ లెక్కనూ ఒక పేజీ అడగాలని మా కోరిక: గరిష్ఠంగా ఎంతమంది, ఎన్ని గంటలు, ఎన్ని క్యాబిన్లు, వారానికి ఎన్ని ట్రిప్పులు, మురికి దించేది ఎక్కడ. మొదటి క్యాబిన్ పునాది తవ్వే రోజుకే సైటులో ఉండాలి. తవ్వేవాళ్లూ మనుషులే, కానీ చాలాచోట్ల క్యాబిన్లు పునాదులు లేచాకే వస్తాయి.

ఇట్లు,
సైటు పారిశుద్ధ్య పనుల్లో ఉన్న పాఠకులు