నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: పిల్లల సైకిల్ పాఠానికి ఎనిమిది శనివారాలు ఇవ్వండి

కలెక్టర్ గారికి,

నమస్కారం. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అధ్యక్షులు మీరే కాబట్టి ఈ లేఖ మీకే రాస్తున్నాం.

జనవరి వస్తే రోడ్డు భద్రతా మాసోత్సవాలు మొదలవుతాయి. పిల్లల తలకు టోపీ, చేతికి ప్లకార్డు ఇచ్చి ఎండలో ఓ ర్యాలీ నడిపిస్తారు. ఆ ర్యాలీలో నడిచిన పిల్లవాడే మర్నాడు వీధి మొగలో ఆగకుండా సైకిల్ మీద సర్రున మెయిన్ రోడ్డెక్కేస్తాడు. వాణ్ణి తప్పుపట్టి లాభం లేదు. ఎక్కడ ఆగాలో, ఆగి ఏం చూడాలో వాడి చేత ఎవరూ చేయించలేదు. మేం అడిగేది ఒక్కటే. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఎనిమిది శనివారాలు, వారానికి గంట చొప్పున, సైకిల్ పాఠం పెట్టించండి. నో బ్యాగ్ డే పుణ్యమా అని శనివారం ఎలాగూ పుస్తకాల సంచి ఉండదు.

నాలుగో తరగతి నుంచే ఎందుకంటే, తొమ్మిది పదేళ్లు నిండనిదే పిల్లలకు ఎదురొచ్చే బండి వేగం సరిగా అంచనా అందదు. బండి ఎంత దూరంలో ఉందో చూస్తారు గాని, ఎంత వేగంగా వస్తోందో పట్టుకోలేరు. అంతకంటే చిన్నవాళ్లు మైదానంలోనూ, పెద్దవాళ్లు పక్కనుంటే ఇంటి ముందు వీధిలోనూ తొక్కితే చాలు. జర్మనీలో ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఫుట్‌పాత్ మీదే, లేదంటే రోడ్డు నుంచి వేరుగా కట్టిన సైకిల్ దారిలోనే తొక్కాలని చట్టమే ఉంది. మనకు ఫుట్‌పాత్ ఎక్కడుందని అడిగితే మా దగ్గరా జవాబు లేదు. ఇంగ్లండ్‌లో 2007 నుంచి నడుస్తున్న బైకబిలిటీ అనే సైకిల్ శిక్షణలో మొదటి మెట్టు మైదానం, రెండోది సద్దులేని వీధి, మూడోది రద్దీ రోడ్డు. మనకు మొదటి రెండు మెట్లు చాలు. ట్రంకు రోడ్డు మీద పదేళ్ల పిల్లలకు పాఠం చెప్పమని మేం అడగం.

ముందు సైకిల్ సంగతి. "పెద్దయ్యాక కూడా పనికొస్తుంది" అని ఒక సైజు ఎక్కువ కొనడం మన ఇళ్లలో మామూలు. చాలా దెబ్బలు అక్కడే మొదలవుతాయి. సీటు మీద కూర్చుంటే పాదాలు నేలకు అందని పిల్ల, ఆగాల్సి వస్తే ఆగదు, దూకుతుంది. సుమారుగా 105 నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తు పిల్లలకు 16 అంగుళాల చక్రం, 115 నుంచి 135 వరకు 20 అంగుళాలది, ఆపైన 24 అంగుళాలది సరిపోతుంది. నేర్చుకునే రోజుల్లో రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేలా సీటు దించాలి. బాగా అలవాటయ్యాక మునివేళ్లు ఆనేంత వరకు పెంచవచ్చు. నాన్నగారి సైకిల్ మీద బారు కింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కిన తరం మనది. అలా నేర్చుకున్నాం గదా అని పిల్లల్ని అలాగే వదలకండి. అప్పుడు రోడ్డు మీద ఇన్ని బండ్లు లేవు.

పక్క చక్రాలు వద్దు. సైకిల్ మలుపులో లోపలికి వాలాలి, ఆ చక్రాలు వాలనివ్వవు. గతుకు రోడ్డులో వెనక చక్రం గాల్లోకి లేస్తే వెనక బ్రేకు పట్టినా పట్టనట్టే. వాటి బదులు రెండు పెడళ్లూ ఊడదీసెయ్యాలి. చాలా సైకిళ్లకు 15 నంబరు పానా సరిపోతుంది. కుడి పెడల్ మామూలుగానే ఊడుతుంది. ఎడమ పెడల్‌కు మర ఎదురు, దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. తెలియక రెండోవైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. తిరిగి బిగించేటప్పుడు కుడిది ఎడమకు, ఎడమది కుడికి తొడిగి బలవంతం చేస్తే క్రాంకులో, అంటే పెడల్ తగిలించే ఇనుప కడ్డీలో, మర పోతుంది, ఇక ఆ క్రాంకు మార్చాల్సిందే. పెడల్ ఇరుసు చివర ఎల్, ఆర్ అని గుర్తు ఉంటుంది, చూసి తొడగాలి.

పెడళ్లు లేని సైకిల్ మీద పిల్ల కాళ్లతో నేలను తోసుకుంటూ వెళుతుంది. కాళ్లు రెండూ పైకెత్తి మూడు నాలుగు సెకన్లు జారగలిగిందంటే బ్యాలెన్సు వచ్చినట్టే. అప్పుడు పెడళ్లు తొడిగి, ఒక పెడల్‌ను ముందుకు, కాస్త పైకి పెట్టించి దాని మీద మొదటి తొక్కు తొక్కించాలి. చాలామందికి రెండు పూటల్లో వచ్చేస్తుంది. సీటు వెనక పట్టుకుని పరుగెత్తడం, మధ్యలో చెప్పకుండా వదిలెయ్యడం మానెయ్యాలి. పట్టుకోక తప్పకపోతే భుజాలు పట్టుకోవాలి. హ్యాండిల్ పట్టుకుంటే నడిపేది మీరు, పిల్ల కాదు.

బ్యాలెన్సు రాగానే సైకిల్ వచ్చేసిందని సంబరపడతారు. మా లెక్కలో అది పాఠంలో పావు వంతే. తరువాత నేర్పాల్సింది ఆగడం. ఏ లివరు ఏ చక్రాన్ని పడుతుందో సైకిల్ దిగి తోస్తూ చూపించాలి. ముందు బ్రేకు పట్టి తోస్తే వెనక చక్రం లేస్తుంది, వెనక బ్రేకు పట్టి తోస్తే ఆ చక్రం ఈడ్చుకుంటూ వస్తుంది. ముందుది ఒక్కటే గట్టిగా పడితే పిల్ల హ్యాండిల్ మీదుగా పడుతుంది. వెనకది ఒక్కటే పడితే చక్రం జారి, ఆగడానికి చాలా దూరం పోతుంది. రెండూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పట్టాలి. చాలా పిల్లల సైకిళ్లలో లివరు చిన్న వేళ్లకు అందదు. లివరు దగ్గర చిన్న స్క్రూ ఉంటే, దాన్ని బిగిస్తే అది హ్యాండిల్‌కు దగ్గరవుతుంది. ఈ పని రెండు నిమిషాలు కూడా పట్టదు, అయినా కొత్త సైకిల్ అమ్మేటప్పుడు చాలా షాపుల్లో చెయ్యరు. బ్రేకు రబ్బరు అరిగిందా, రిమ్ము మీద నూనె ఉందా అని ప్రతి శనివారం పాఠానికి ముందు చూడాలి. చైనుకు వేసిన నూనె రిమ్ముకు అంటుకుని బ్రేకు పట్టకపోవడం మామూలే.

మైదానంలో సున్నంతో అడుగు ఎడంగా, 15 మీటర్ల పొడవున రెండు గీతలు గియ్యాలి. పిల్ల ఆ సందులో తొక్కుకుంటూ వెళ్తుంటే వెనక నుంచి పేరు పెట్టి పిలిచి, కొన్ని వేళ్లు చూపించాలి. పిల్ల కుడి భుజం మీదుగా వెనక్కి చూసి, గీత దాటకుండా ఎన్ని వేళ్లో చెప్పాలి. మొదటి రోజు దాదాపు అందరూ గీత దాటేస్తారు. తల ఎటు తిరిగితే చేతులు అటు లాగుతాయి కాబట్టి అలా జరుగుతుంది. రోడ్డు మీద కుడివైపు తిరిగేటప్పుడు వెనకొచ్చే బండి ముందుకు పిల్లలు ఊగిపోయేది సరిగ్గా ఇలాగే. ఇది కుదిరేదాకా పిల్లను వీధిలోకి తీసుకెళ్లొద్దు. ఆ తరువాత ఒక చేత్తో హ్యాండిల్ పట్టి, రెండో చెయ్యి చాపి సంకేతం ఇవ్వడం నేర్పాలి. నీళ్ల సీసాల్లో సగం ఇసుక పోసి రెండేసి మీటర్ల దూరంలో నిలబెట్టి వంకర టింకరగా తొక్కించాలి. ఇటుకలు వాడొద్దు, పడితే తల తగులుతుంది. మన బడి ఆటల పోటీల్లో ఉన్న స్లో సైకిల్ పందెం అసలైన పాఠం. పది మీటర్లు కాలు నేల మీద పెట్టకుండా ఎంత నెమ్మదిగా వెళ్లగలరో వాళ్లే జనం మధ్య సైకిల్‌ను అదుపులో ఉంచగలరు.

ఆరో వారం వీధి. ముగ్గురు పిల్లలకు ఒక పెద్దమనిషి ఉండాలి, వెనకగా, కాస్త కుడిపక్కన, అంటే బండ్లు వచ్చే వైపు తొక్కుతూ. పిల్లలు ఒకరి వెనక ఒకరు, రోడ్డు అంచు నుంచి అరమీటరు లోపలికి వెళ్లాలి. మరీ అంచున వెళితే సైడుకాల్వ మీద లేచిన పలకలు, ఇసుక మేట తగులుతాయి. ఆగి ఉన్న కార్ల పక్కగా వెళ్లేటప్పుడు తలుపు తెరిచినా తగలనంత, మీటరుకు పైగా దూరం ఉంచాలి.

మన నెల్లూరు ఇళ్ల ముందు ఒక ప్రమాదం ఉంది, దాన్ని ఎవరూ ప్రమాదం అనుకోరు. సైడుకాల్వ మీదుగా గేటు నుంచి వీధిలోకి దించిన సిమెంటు వాలు అది. పిల్ల గేటులోంచి ఆ వాలు మీద జారి, తొక్కకుండానే వేగం అందుకుని వీధి మధ్యకు వస్తుంది. పక్కింటి గోడో, ఆగి ఉన్న ఆటోనో అడ్డం, అటు వచ్చే బైకుకు ఈ పిల్ల కనిపించదు. కాబట్టి గేటు దగ్గర సైకిల్ దిగాలి, వాలు మీద నడిపించుకుని రావాలి, వీధి అంచున కాలు నేల మీద పెట్టి కుడి, ఎడమ, మళ్లీ కుడి చూడాలి. కుడి రెండుసార్లు ఎందుకంటే ముందుగా మీదికొచ్చే బండి అటునుంచే. ఎడమ మానకూడదు, రాంగ్ రూట్లో వచ్చేవాళ్లు మన ఊళ్లో తక్కువేం కాదు. వీధి మొగలోనూ ఇదే వరస.

రోడ్డు దాటడానికి ఒక లెక్క నేర్పుతాం. ఆగిన చోటు నుంచి ఏడు మీటర్ల రోడ్డు దాటడానికి పిల్లకు ఐదు సెకన్లు కావాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైకు ఐదు సెకన్లలో 55 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. పిల్లకు మీటర్లు చెబితే తెలియదు. "బండి రెండు కరెంటు స్తంభాల అవతల ఉంటేనే దాటు, లేకపోతే పోనివ్వు" అంటే తెలుస్తుంది. స్తంభాలు మరీ దగ్గరగా ఉన్న వీధిలో మూడు అని చెప్పాలి. మినీబైపాస్ లాంటి రోడ్డయితే ఈ లెక్కే వద్దు. దిగి, సైకిల్ నడిపించుకుంటూ, పెద్దవాళ్లతో దాటాలి. కోవూరు, వెంకటాచలం వైపు హైవే పక్క ఊళ్ల పిల్లలకూ అంతే.

బస్సు స్టాపులో ఆగితే దాని వెనకే ఆగాలి. ఎడమ సందులోంచి దూరితే దిగే మనిషికి తగులుతుంది. లారీకి ఎడమపక్కన ఎప్పుడూ నిలబడకూడదు. లారీ ఎడమకు తిరిగినప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి కోసుకుంటూ వస్తాయి. అద్దంలో డ్రైవర్ ముఖం కనబడకపోతే, డ్రైవర్‌కు నువ్వు కనబడవని చెబితే పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

నడిచేవాళ్ల విషయం. సైకిల్ వల్ల దెబ్బలు తినేవాళ్లలో ముసలివాళ్లు ఉంటారు, ఈ సంగతి మన ప్రచారాల్లో కనిపించదు. బెల్లు ఐదారు మీటర్ల ముందే కొట్టాలి, వీపు వెనక కొడితే మనిషి ఉలిక్కిపడి ఎటు జరుగుతాడో తెలియదు. కొట్టాక వాళ్లు తిరిగి చూశారో లేదో గమనించాలి. చూడలేదంటే వినబడలేదన్నమాట, వేగం తగ్గించి "తాతా, పక్కనుంచి వస్తున్నా" అనాలి. చెయ్యి పట్టుకుని నడిచే తల్లీబిడ్డల మధ్య నుంచి దూరకూడదు. గుడి ముందు, సంతలో, బడి గంట కొట్టిన వేళ గేటు దగ్గర దిగి నడవాలి. బర్రె అడ్డం వస్తే దాని వెనకనుంచి వెళ్లాలి, ముందునుంచి కాదు. కుక్క తరిమితే వేగంగా తొక్కకుండా దిగి, సైకిల్‌ను కుక్కకూ తమకూ మధ్య పెట్టుకుని మెల్లగా నడవాలి. డబుల్స్ వద్దు, హ్యాండిల్‌కు సంచి తగిలించొద్దు. హవాయి చెప్పులు పెడల్ మీద జారతాయి. లంగా, చున్నీ చైనులో పడకుండా చైను కవరు ఉండాలి.

హెల్మెట్ గురించి రెండు మాటలు. మోటార్ సైకిల్ హెల్మెట్ పిల్లల మెడకు బరువు, సైకిల్‌ది వేరే ఉంటుంది. కనుబొమల పైన రెండు వేళ్ల వెడల్పు వదిలి పెట్టాలి, గడ్డం కింద పట్టీలో రెండు వేళ్లే దూరాలి. హెల్మెట్ ఉందన్న ధైర్యంతో పాఠం ఎగ్గొట్టకూడదు.

కాలం కూడా చూసుకోవాలి. మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు, రైల్వే అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు. మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు, ఊళ్లలో తారురోడ్డు సగం మేర ఆరబోసిన వడ్లు. వడ్ల మీద బ్రేకు పడితే చక్రం జారుతుంది. అందుకని జులై, ఆగస్టు నెలలు, లేదంటే సంక్రాంతి సెలవుల తరువాత ఎనిమిది వారాలు. పొద్దున ఎనిమిదిన్నరలోపు పాఠం ముగియాలి.

ఒక్కో బడికి కావాల్సినవి: 20 అంగుళాల సైకిళ్లు నాలుగు, 16 అంగుళాలవి రెండు, హెల్మెట్లు ఆరు, గాలి పంపు ఒకటి, 15 నంబరు పానా, స్క్రూడ్రైవరు, ఐదు కిలోల సున్నం, ఖాళీ సీసాలు ఇరవై, దెబ్బల మందుల పెట్టె. ఇవన్నీ ప్రతి బడీ కొనక్కర్లేదు. మండలానికి రెండు సెట్లుంటే బడుల మధ్య తిరుగుతాయి. మైదానం లేని నగరం బడులకు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం బయటి స్థలం శనివారం పొద్దున రెండు గంటలు ఇప్పించండి. వీధి పాఠానికి మాగుంట లేఅవుట్, బాలాజీనగర్ లాంటి చోట్ల ఒక్కో లోపలి వీధిని ఆ రెండు గంటలూ పెద్ద బండ్లకు మూయించాలి. వ్యాయామ ఉపాధ్యాయులకు రెండు రోజుల శిక్షణ చాలు, అది మేం జీతం లేకుండా ఇస్తాం. బడికి 300 మీటర్ల లోపు సైడుకాల్వల మీద లేచిన, విరిగిన పలకలు సరిచేయించి, స్పీడ్ బ్రేకర్లకు తెల్లరంగు వేయిస్తే చాలు, కొత్త రోడ్లు అడగడం లేదు.

మరొకటి. మోటారు వాహనాల చట్టంలోని 115వ సెక్షన్, ప్రజల భద్రత కోసం ఫలానా రోడ్డు మీద ఫలానా రకం మోటారు బండ్లు తిరగకుండా ఆపే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. బడి వేళల్లో బడి వీధుల్లోకి లారీలు, ట్రాక్టర్లు రాకుండా నియమం పెట్టమని జిల్లా కమిటీ తరఫున ఒక ప్రతిపాదన పంపండి.

మొదటి విడతగా నెల్లూరు నగరంలో ఐదు బడులు, కోవూరు, కావలి వైపు ఐదు బడులు ఎంపిక చేయించండి. జూన్ నెలాఖరుకు ఉత్తర్వు వస్తే జులై మొదటి శనివారం నుంచే పెడళ్లు ఊడదీయడం మొదలుపెడతాం.

ఇట్లు,
నెల్లూరులోని కొందరు వ్యాయామ ఉపాధ్యాయులు, సైకిల్ మెకానిక్కులు