హెడ్జ్‌హాగ్‌కి పాలు పోయకండి

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో ఉన్నన్నాళ్ళూ మీ పేపరు పొద్దున్నే కాఫీతో పాటు చదివేదాన్ని. మే నెల నుంచి లెస్టర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఫోనులో చదువుతున్నాను. ఆరు నెలల వీసా, నవంబరు మధ్యలో తిరుగు ప్రయాణం. నాలాగే ఇంగ్లండులో పిల్లల దగ్గరికి వచ్చి, పెరట్లో నాలుగు మొక్కలు వేసుకుని కాలక్షేపం చేసే అమ్మలూ అత్తయ్యలూ చాలామందే ఉంటారు. వాళ్ళ కోసమే ఈ ఉత్తరం.

జూన్‌లో ఒక రాత్రి, ఇక్కడ చీకటి పడేసరికే పదిన్నర, వంటింటి తలుపు బయట ఎవరో ముక్కు చీదుతున్నట్టు చప్పుడు. లైటు వేసి చూస్తే కొబ్బరిపీచు ముద్ద ఒకటి గునగునా నడిచి వస్తోంది. ఏదుపంది పిల్ల అనుకున్నాను. "హెడ్జ్‌హాగ్ అమ్మా, ఏదుపందికీ దీనికీ చుట్టరికమే లేదు" అంది అమ్మాయి. ఒంటి నిండా 5 వేలకు పైగా ముళ్ళుంటాయట. ముందు మాత్రం వేరుశనగ గింజంత నల్లటి తడి ముక్కు. నేను ఒక్క అడుగు వేశానో లేదో, ముక్కు లోపలికి లాక్కుని బంతిలా చుట్టుకుపోయింది.

నాగుల చవితికి పుట్టలో పాలు పోసిన చేతులు ఊరుకుంటాయా? గిన్నెలో పాలు పోసి, బ్రెడ్డు నలిపి పెట్టాను. ఆబగా తాగేసింది. నేను మురిసిపోయాను. మర్నాడు ఈ సంగతి చెబితే పక్కింటి ఇంగ్లీషు పెద్దావిడ తల పట్టుకుంది. వాటికి పాలు అరగవు, పెడితే తాగేస్తాయి కానీ విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదికొస్తుంది అంది. లోతు లేని పళ్ళెంలో మంచినీళ్ళు, కాస్త మాంసంతో చేసిన పిల్లి బిస్కెట్లు చాలట. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా వండం. అలాంటిది దాని కోసం చికెన్ బిస్కెట్లు కొని షెడ్డులో దాచాం. రాత్రిళ్ళు అది కరకర నములుతుంటే జంతికలు తింటున్నట్టే వినిపిస్తుంది.

ఆ ఆవిడే ఫెన్స్ సంగతీ ఎత్తింది. ఇవి తిండి కోసం రాత్రికి ఒకటి రెండు కిలోమీటర్లు తిరుగుతాయి, ఒక్క పెరడు వాటికి ఏమూలకీ చాలదు. చెక్కకు అడుగున 13 సెంటీమీటర్ల చదరపు కంత ఉంటే దూరిపోతాయి, అంటే నా జానెడు కూడా కాదు. డబ్బు పోసి కొత్తగా వేయించిన ఫెన్స్ కదా, మా అల్లుడికి మొదట మనసొప్పలేదు. చివరికి ఆవిడే రంపం పట్టుకొచ్చింది.

ఆగస్టులో జరిగింది మాత్రం పూర్తిగా నా తప్పే. చిక్కుడు తీగకు కట్టిన నైలాన్ వల కింద నేల మీద పడి ఉంది, నేను పట్టించుకోలేదు. పొద్దున ఏడింటికి చూస్తే ఒకటి అందులో చిక్కుకుని ఉంది. రాత్రంతా గింజుకున్నట్టుంది, మెడకూ వెనక కాలికీ దారం బిగుసుకుపోయింది. వంటింటి కత్తెరతో ఒక్కో పోగూ కత్తిరిస్తుంటే నా చేతులు వణికాయి. విడిపించాక వదిలేయబోయాను. పక్కింటావిడ ఆపింది, దారం నొక్కిన చోట గాయం రెండు మూడు రోజులకు గానీ బయటపడదట. అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసా పక్కన పెట్టి, వీటిని చూసుకునే కేంద్రానికి తీసుకెళ్ళాం. అప్పటి నుంచి రోజూ చీకటి పడకముందే వలను నేలకు అడుగెత్తున చుట్టి కడుతున్నాను. పగటిపూట హెడ్జ్‌హాగ్ ఎండలో పడుకుని కనిపించినా దానికి ఏదో అయిందనే అర్థమట.

గోంగూర మొలకల్ని స్లగ్స్, అంటే గుల్ల లేని నత్తలు, కొరికేస్తుంటే షెడ్డులో పాత నీలం గుళికల డబ్బా కనిపించింది. అందులోది మెటాల్డిహైడ్ అనే నత్తల మందు. పక్షులకూ హెడ్జ్‌హాగ్‌లకూ ముప్పని బయట పెరళ్ళలో, పొలాల్లో దాన్ని వాడకుండా ఇక్కడ 2022లోనే నిషేధించారు. పాత ఇళ్ళ షెడ్లలో ఇంకా ఉండొచ్చు, చూసుకోండి. ఇప్పుడు రాత్రిపూట టార్చి వేసుకుని చేత్తోనే ఏరుతున్నాను. సగం గోంగూర పోయింది, పోనీ.

2020లో బ్రిటన్‌లో క్షీరదాల రెడ్ లిస్టులో హెడ్జ్‌హాగ్‌ను కూడా అంతరించే ముప్పున్న వాటిలో చేర్చారు. దీపావళికి కాస్త అటూ ఇటూగా ఇక్కడ నవంబరు 5న బాన్‌ఫైర్ నైట్ వస్తుంది. మనవాళ్ళు కూడా పెరట్లో ఎండుటాకులు, కొమ్మలు పోగేసి మంట వేస్తారు. చలికాలమంతా నిద్రపోవడానికి ఇవి వెతుక్కునేది సరిగ్గా అలాంటి పోగులనే. ముట్టించే రోజే పోగును పక్కకు మార్చి మళ్ళీ పేర్చండి. లోపల ఏముందో చూద్దామని కర్రతో పొడవకండి.

నేను వెళ్ళేలోపు పెరడంతా ఊడ్చేద్దామని అల్లుడు అంటున్నాడు. షెడ్డు వెనక మూల మాత్రం వదిలెయ్యమన్నాను.

చివరగా ఒక మాట. మన ఆంధ్రలోనూ తమిళనాడులోనూ మెట్ట నేలల్లో మద్రాస్ హెడ్జ్‌హాగ్ అనే జాతి ఉందట. తమిళులు ముళ్ళెలి అంటారు. చిత్తూరు వైపు పాఠకులెవరైనా దాన్ని చూసి ఉంటే, మీ ఊళ్ళో ఏమని పిలుస్తారో ఈ శీర్షికకే రాయండి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి (ప్రస్తుతం లెస్టర్)