టెస్టులకు చేయి అందించిన నా వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. వచ్చే నెల మొదటి వారంలో హైదరాబాద్‌లో నాకు బరువు తగ్గే ఆపరేషన్ ఉంది. అది అయ్యాక అందరికీ ఒకేసారి థ్యాంక్స్ చెబుదువులే అన్నారు మా ఆయన. నాకు మనసొప్పలేదు. ఆపరేషన్ ఖర్చు ఇన్సూరెన్స్ చూసుకుంటుంది. మీరందరూ ఆదుకున్నది దానికి ముందు చేయించుకోవాల్సిన టెస్టుల దగ్గర. ఆ టెస్టులు కాకపోతే మాకు ఆపరేషన్ డేట్ దాకా వచ్చే దారే లేదు. అందుకే ఈ మాట వేరుగా, ముందుగానే చెప్పుకుంటున్నాను.

నాది జడ్చర్లలో చిన్న టైలరింగ్ షాపు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 43. చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు మొదలైన షుగర్ మళ్లీ పోలేదు. మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కడం మానేసి చాలా కాలమైంది. అన్నిటికంటే భయపెట్టింది నిద్ర. రాత్రంతా పడుకున్నా మధ్యాహ్నం మిషన్ మీదే కళ్లు మూతలు పడేవి. ఒకరోజు జాకెట్ చేతులు కుడుతుండగా సూది వేలి గోరులోంచి దిగింది. ఇక ఆలస్యం చేయొద్దని ఆ రోజే అనుకున్నాం.

గుండె ఆపరేషన్ అంటే ఊరంతా కదిలి వస్తుంది. బరువు తగ్గే ఆపరేషన్ అనేసరికి "నోరు కట్టుకుంటే పోయేదానికి కోతలెందుకు" అంటారు. డైట్ డాక్టర్ల దగ్గర తిరిగాను, నెలల తరబడి చపాతీలు, జొన్న రొట్టెలు తిన్నాను, పొద్దున్నే గ్రౌండ్ చుట్టూ నడిచాను. తగ్గిన ప్రతిసారీ అంతకు అంత పెరిగింది. ఊబకాయం ఒక జబ్బు, నోటి మీద అదుపు లేకపోవడం కాదు అని డాక్టర్లు చెబితే నాకు ఏడుపొచ్చింది. సాయం చేసిన వాళ్లలో ఒక్కరు కూడా ఆ "నోరు కట్టుకో" మాట అనలేదు. డబ్బు కంటే నాకు అదే పెద్ద సాయం. ఆ మాట ఏళ్ల తరబడి విన్నవాళ్లకే దాని విలువ తెలుస్తుంది.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందో చెబుతాను. మా ఆయన పోలేపల్లి సెజ్‌లో ఫార్మా కంపెనీలో పని చేస్తారు. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది. బీఎంఐ 40 దాటితే, లేదా 35 దాటి అదుపులో లేని షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) లాంటివి ఉంటే, మిగతా పద్ధతులతో బరువు తగ్గలేదని చూపిస్తే ఈ ఆపరేషన్‌కి క్లెయిమ్ ఇస్తారు. కానీ టెస్టుల కోసమే ఆసుపత్రిలో చేరితే ఇవ్వరు. బయట చేయించుకున్న టెస్టులకు డబ్బు ముందు మనమే కట్టాలి. తర్వాత ఆపరేషన్ క్లెయిమ్ పాస్ అయితేనే, అడ్మిషన్‌కి ముందు ఇన్ని రోజుల్లోపు చేయించుకున్నవని లెక్కేసి తిరిగిస్తారు. మా పాలసీలో ఆ గడువు 60 రోజులు. అంటే లక్షల ఖర్చుకి భరోసా ఉంది, ముందు కట్టాల్సిన వేలకే మా దగ్గర దిక్కు లేదు. పిల్లల ఫీజులు కట్టిన నెల అది.

మా ఆయన కంపెనీలో హెచ్‌ఆర్ సార్‌కి మొదటి నమస్కారం. పాలసీ పేపర్లు ముందు పెట్టుకుని ఒక్కో లైనూ తెలుగులో చెప్పారు. "పాత డైట్ చీటీలు, షుగర్ రిపోర్టులు ఏవీ పారేయొద్దమ్మా, అవే మీకు సాక్ష్యం. ప్రతి టెస్టుకీ డాక్టర్ రాసిన చీటీ, దానికి బిల్లు, దానికి రిపోర్టు, మూడూ కలిపి పిన్ను కొట్టండి" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, అది మాకు ఎంతో మేలు చేసింది. షుగర్ ఎక్కువుంటే ఆపరేషన్ వాయిదా పడుతుంది, అప్పుడు ఖర్చు పెట్టి చేయించిన టెస్టులన్నీ గడువు దాటిపోతాయి, కాబట్టి ముందు రక్త పరీక్షలు చూసుకోండి, పెద్దవి తర్వాత అని. అచ్చం అలాగే జరిగింది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో నాకు 9.4 వచ్చింది. 8 లోపుకు తెచ్చుకుని రమ్మన్నారు సర్జన్ గారు. దాన్ని దింపడానికి మందులు మార్చి కొన్ని నెలలు పట్టింది. పెద్ద టెస్టులు ముందే చేయించి ఉంటే ఆ డబ్బంతా పోయేది.

మా వీధి చివర ల్యాబ్‌లో పనిచేసే అన్నకి ఏమిచ్చి రుణం తీర్చుకోవాలో తెలియదు. లిస్టు చూపించి ఎంతవుతుందని అడిగితే, బిల్లు రాసుకోవాల్సిన మనిషి పెన్ను పక్కన పెట్టి, "అక్కా, ఇందులో సగం నా దగ్గర చేయించుకోకు" అన్నాడు. బ్లడ్ కౌంట్, లివర్, కిడ్నీ, కొలెస్ట్రాల్, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ, వీటన్నిటి చుట్టూ సున్నాలు చుట్టి, ఇవి సర్కారు నడిపే తెలంగాణ డయాగ్నోస్టిక్స్‌లో ఉచితం, సర్కారు దవాఖానలో డాక్టర్‌తో రాయించుకో అని పంపాడు. రక్తం ఇక్కడే తీసుకుంటారు, శాంపిల్ మహబూబ్‌నగర్ హబ్‌కి, అంటే వాళ్ల పెద్ద ల్యాబ్‌కి పోతుంది, రిపోర్టు ఫోన్‌కి వస్తుంది. 2021 నుంచి జిల్లాలో ఆ హబ్ ఉందట, ఇంత దగ్గర్లో ఉన్నా మాకు తెలియలేదు. తన గిరాకీ తనే వదులుకుని చెప్పాడు ఆ అన్న.

మిగిలిన వాటికి నా పదో తరగతి బ్యాచ్‌మేట్స్ నిలబడ్డారు. గ్రూపులో నేను పెట్టలేదు, నాకు సిగ్గు. మా దోస్తు ఒకామె పెట్టింది. రెండు రోజుల్లో 21,500 జమైంది. అందులో స్కూల్ రోజుల్లో నాతో మాట్లాడని వాళ్లవి కూడా ఉన్నాయి. లెక్క చెప్పడం నా బాధ్యత. స్లీప్ స్టడీకి 9,000, బయాప్సీతో కలిపి ఎండోస్కోపీకి 3,500, గుండెకి చేసే టూడీ ఎకోకి 1,800, ఊపిరితిత్తుల పరీక్షకి 1,200, విటమిన్ డి, బి12, ఐరన్ పరీక్షలకి 2,600, డైటీషియన్‌కీ సైకాలజిస్ట్‌కీ కలిపి 1,500. మిగిలిన 1,900 సీప్యాప్ మెషిన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కులోంచి గాలి పంపేది) కిరాయికి వేశాను. బిల్లుల ఫోటోలు గ్రూపులో ఉన్నాయి.

ఈ టెస్టులు ఊరికే రాస్తారని అనుకునేవాళ్లు ఇది చదవాలి. స్లీప్ స్టడీ రోజు రాత్రి ఆ ల్యాబ్‌లో అమ్మాయి నా జుట్టు పాయలు తీసి, మాడు మీద చల్లటి పేస్టు రాసి వైర్లు అంటించింది. ఛాతీకి ఒక బెల్టు, పొట్టకి ఒక బెల్టు, ముక్కు దగ్గర సన్న గొట్టం, వేలికి క్లిప్పు. ఇన్ని కట్టుకుని నిద్రెలా పడుతుందనుకున్నా, కానీ ఎప్పుడు పట్టిందో తెలియదు. పొద్దున చూస్తే గంటకి సగటున 38 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరుగుతోందని వచ్చింది. 30 దాటితేనే తీవ్రమైనదంటారు. ఇది తెలియకుండా మత్తు ఇస్తే ప్రమాదమని మత్తు డాక్టర్ గారు చెప్పారు. ఆపరేషన్ దాకా రోజూ రాత్రి సీప్యాప్ పెట్టుకోమన్నారు. పెట్టుకున్న వారానికే మధ్యాహ్నం నిద్ర తగ్గింది. ఎండోస్కోపీలో కడుపులో హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా బయటపడింది, 14 రోజులు యాంటీబయాటిక్స్ వాడాను. నాకు చేయబోయే స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో ఎక్కువ భాగం కోసి తీసేస్తారు కదా, ముందే లోపల చూడాల్సిందే.

ఎదురింటి వదినకి ఈ పోస్టు నేనే చదివి వినిపిస్తాను. వదినా, ఆ నెల చిట్టి నీకు రావాల్సింది. బిడ్డ పెళ్లి సామాన్ల కోసం ఏడాదిగా దాని మీద ఆశ పెట్టుకున్నావు. "నువ్వెత్తుకో, నేను చివరి నెల ఎత్తుకుంటా" అని అందరి ముందు అన్నావు. సీప్యాప్ మిగతా కిరాయికీ, మందులకీ, హైదరాబాద్ రానూపోనూ ఖర్చులకీ ఆ చిట్టి డబ్బే నిలబెట్టింది. నేను దవాఖానకి పోయిన రోజుల్లో మా పిల్లలకి అన్నం పెట్టింది కూడా నువ్వే. నీ బిడ్డ పెళ్లి జాకెట్లన్నీ నేనే కుడతాను, మగ్గం వర్క్ కూడా, నువ్వు వద్దన్నా కుడతాను.

మత్తు ఇవ్వొచ్చని డాక్టర్ ఫిట్‌నెస్ వచ్చింది, ఇన్సూరెన్స్ అప్రూవల్ లెటర్ కూడా వచ్చింది. లివర్ చిన్నదవడానికని సోమవారం నుంచి రెండు వారాలు ప్రొటీన్ ద్రవాలే. టెస్టుల బిల్లుల మీద ఇన్సూరెన్స్ ఎంత తిరిగిస్తే అంత బ్యాచ్ గ్రూప్ అకౌంట్‌లో వేస్తాను. వద్దని ఎవరూ అనకండి. మనలో ఇంకెవరికో అవసరం పడుతుంది.

జడ్చర్ల, బాదేపల్లి, మిడ్జిల్, బాలానగర్ వైపు ఎవరి చేతిలోనైనా ఇలాంటి టెస్టుల లిస్టు ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతుంటే నా షాపుకి రండి. నా ఫైలు చూపిస్తాను. ఏది ఉచితమో, ఏది ముందో, ఏ కాగితం దాచుకోవాలో కూర్చుని రాసిస్తాను. ఆపరేషన్ రోజుల్లో షాపు మూసి ఉన్నా, ఫైలు జిరాక్స్ ఎదురింటి వదిన దగ్గర పెట్టి వెళ్తున్నాను.