మన కాలనీ సంఘం వార్షిక నివేదిక, ముఖ్యంగా అంబులెన్స్ టైముల పుస్తకం సంగతి

సభ్యులందరికీ నమస్కారం. మీటింగులో చదవాలి కాబట్టి రాస్తున్నా, చదివేటప్పుడు సగం మంది ఉగ్గాని బజ్జీల దగ్గరే ఉంటారు కాబట్టి గ్రూపులో కూడా పెడుతున్నా. వీధి లైట్లు, మురికి కాలువ, చవితి పందిరి ఎప్పట్లాగే జరిగాయి, వాటి గురించి కొత్తగా చెప్పేదేం లేదు.

ఈ ఏడు మనం గొప్పగా చెప్పుకోవాల్సింది మూల మీద కిరాణా కొట్టులో వేలాడే, అంబులెన్స్ ఎంతసేపట్లో వచ్చిందో రాసుకునే ఆ నోటు పుస్తకం. 108 హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైంది, 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర 108 అంబులెన్సులు, 104 ఊరూరా తిరిగే వైద్యం బండ్లు కలిపి 1,088 ఒకేసారి వదిలారు, టౌన్లో అయితే 15 నిమిషాల్లో, పల్లెలో 20 నిమిషాల్లో అంబులెన్స్ చేరాలని టార్గెట్ కూడా చెప్పారు. సరే, ఆ 15 ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది? ఫోన్ కొట్టినప్పట్నుంచా, అవతల ఎత్తినప్పట్నుంచా, బండి కదిలినప్పట్నుంచా? ఎక్కడ మొదలుపెడితే లెక్క అట్లా మారిపోతుంది. అందుకని మనం ఐదు టైములు రాద్దామనుకున్నాం: ఫోన్ చేసింది, ఎత్తింది, పైలట్, అంటే అంబులెన్స్ డ్రైవరు, బయల్దేరానని చెప్పింది, బండి వీధి మొదట్లోకి వచ్చింది, బండిలో వచ్చిన మనిషి పేషెంటు పక్కకు చేరింది.

మొదటి నెల రాసిందంతా చెత్తబుట్టకే పోయింది. ఒకింట్లో గోడ గడియారం ఏడు నిమిషాలు ముందుంది, పిల్లలు స్కూలుకు లేటు కాకుండా అట్లా పెట్టుకున్నారంట! ఆ లెక్కన బండి ఫోన్ చేయకముందే బయల్దేరింది. అప్పట్నుంచి సెల్లులో కాల్ లాగ్ చూసి రాస్తేనే ఒప్పుకుంటున్నాం.

సగటు ఎంతొచ్చిందని చాలామంది అడుగుతున్నారు. సగటుతో మోసపోతాం అని రిటైర్డ్ లెక్కల సారు మొత్తుకున్నాడు. నాలుగు సార్లు పది నిమిషాల్లో వచ్చి ఐదోసారి యాభై పట్టిందనుకోండి, సగటు 18 అంటాం, 18 నిమిషాలు ఎదురుచూసినోడు ఒక్కడూ ఉండడు, యాభై కూర్చున్నోడి గతి కాగితంలో కనపడదు. అందుకే బయటి దేశాల్లో పదింట తొమ్మిది కాల్స్ ఎంతలోపల చేరాయో కూడా చూస్తారు. మన పుస్తకంలో కాల్స్ ఇంకా తక్కువే ఉన్నాయి కాబట్టి సగటు నేను ఇవ్వను, అడగొద్దు.

కానీ ఒకటి మాత్రం కళ్లకు కనపడింది. రోడ్డు మీద టైము మన చేతిలో లేదు, వీధి మొదటి నుంచి మంచం దాకా పోయే టైము మనదే, దాన్ని తింటున్నది మనమే. చవితి వారంలో పెద్దమ్మకు ఆయాసం వచ్చిన రాత్రి బండి వీధి మొదటికి బానే వచ్చింది, లోపలికి పోనీకుండా పందిరి గుంజ అడ్డం. ఆ గుంజ పాతించింది నేనే, దాచేదేముంది. తాళ్లు కోసి, బైకులు పక్కకు జరిపి, స్ట్రెచర్ మేడమెట్ల మలుపు తిరక్కపోతే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించారు. ఆమె ఇప్పుడు బాగుంది, నిన్న కూడా నన్ను తిట్టింది.

తర్వాత ఆదివారం పెట్టిన మాక్ డ్రిల్ అందరికీ గుర్తుండే ఉంటుంది. లెక్కల సారే పేషెంటుగా పడుకుని, మధ్యలో మజ్జిగ అడిగాడు. నర్సు అక్క సీపీఆర్, అంటే గుండె ఆగినోళ్లకు ఛాతీ నొక్కడం, నేర్పింది: ఛాతీ మధ్యలో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు నొక్కాలి, బండి వచ్చేదాకా ఆపొద్దు. గుండె ఆగినాక ఏమీ చేయకుండా చూస్తూ కూర్చుంటే నిమిషానికి 7 నుంచి 10 శాతం బతికే అవకాశం పోతుందని ఆమె చెప్పినప్పుడు పిల్లలు కూడా నోరు మూసుకున్నారు. అక్కకు, టీ పోసిన కిరాణా అన్నకు, ఓపిగ్గా మన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పిన పైలట్ తమ్ముళ్లకు దండాలు.

ఇక వాలంటీర్ల సంగతి. రాత్రి కాల్ వస్తే టార్చి పట్టుకుని వీధి మొదట్లో నిలబడ్డానికి పన్నెండు మంది పేర్లిచ్చారు, గ్రూపులో అందరూ బొటనవేలు పెడతారు, నిలబడేది నలుగురే, వాళ్లలో ఇద్దరు అరవై దాటినోళ్లు. వీధి పేరు బోర్డుల కోసం ఒక ఆఫీసుకు మూడు అర్జీలిచ్చాం, పోయిన ప్రతిసారీ సారు సైట్ మీదున్నారు. ఆఖరికి పెయింటు మనమే కొనుక్కుని గోడల మీద రాసుకున్నాం. నాలుగో వీధి కుర్రోడు బాణం గుర్తు తిరగేసి గీశాడు, సరిచేయించాం. అంబులెన్స్‌కు దారివ్వకపోతే మోటారు వాహనాల చట్టంలో పదివేలు ఫైను ఉంది, అది హైవే మీదోళ్లకే అనుకోవద్దు, గేటు ముందు కారు అడ్డంగా పెట్టే పెద్దలు కూడా వింటే మంచిది.

జమాఖర్చులు కోశాధికారి దగ్గర ఫైల్లో ఉన్నాయి, పెయింటు, టార్చీలు, మజ్జిగ తప్ప పెద్ద ఖర్చుల్లేవు, రసీదులు కావాల్సినోళ్లు పోయి చూసుకోండి. చందా బాకీ ఉన్నోళ్ల పేర్లు ఈసారి చదవట్లేదు.

కాల్ చేసినోళ్లు రెండ్రోజుల్లోపల సెల్లు తీసుకొచ్చి పుస్తకంలో రాయించండి, తర్వాత లాగ్ చెరిగిపోయిందంటే నేనేం చేయలేను. పెన్ను కూడా దారంతో కట్టిపెట్టాం, దయచేసి తీసుకుపోవద్దు, ఇది మూడోది.

ఇట్లు,
కార్యదర్శి, కర్నూలు