రక్తంలో ప్రొటీన్లు, పత్రికల్లో శీర్షికలు

సంపాదకుడు గారికి,

నమస్కారం. రక్తంలోని కొన్ని ప్రొటీన్లను కొలిచి స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక వ్యాధిని పసిగట్టవచ్చునన్న వార్తలు పత్రికల్లో తరచుగా వస్తున్నాయి. వాటి వెనుక ఉన్న పరిశోధన చాలావరకు విలువైనదే. నా పేచీ అంతా శీర్షికలతోనే. ‘రక్తపరీక్షతో మానసిక వ్యాధి గుట్టు రట్టు’ వంటి మాట చదివిన కుటుంబం మర్నాడే ఆ కాగితం ముక్క పట్టుకుని ల్యాబుకు వస్తుంది. ఏళ్ల తరబడి రక్త నమూనాలు పరీక్షించిన వాడిగా అలాంటి వారిని నేను ఎదుర్కొన్నాను. ఆ పరీక్ష ఇంకా లేదని చెబితే, మాకే చేతకాక అలా అంటున్నామన్నట్టు చూసి వెళ్లిన వారూ ఉన్నారు.

ఈ రోజుకీ స్కిజోఫ్రెనియాను గాని, దానికి దగ్గరి రుగ్మతలను గాని నిర్ధారించేది వైద్యుడు రోగితోను, ఇంటివారితోను మాట్లాడి, లక్షణాలు ఎంతకాలంగా ఎలా సాగుతున్నాయో గమనించడం ద్వారానే. అప్పుడు రాసే రక్తపరీక్షలు ముఖ్యంగా థైరాయిడ్ లోపం వంటి ఇతర కారణాలు లేవని తేల్చుకోవడానికి.

రక్తంలో జాడ దొరుకుతుందన్న ఆశ మాత్రం పాతది. 1950లలో అమెరికాలోని టులేన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హీత్ అనే వైద్యుడు రోగుల సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) నుంచి ‘టారాక్సిన్’ అనే ప్రొటీన్‌ను వేరుచేశానని, దానిని ఆరోగ్యవంతులకు ఎక్కిస్తే కొద్దిసేపు ఆ వ్యాధి లక్షణాలే కనిపించాయని ప్రకటించాడు. ఆ ఆరోగ్యవంతుల్లో జైలు ఖైదీలు ఉన్నారన్నది ఇప్పుడు చదివితే ఒళ్లు జలదరించే సంగతి. ఇతర ల్యాబుల్లో ఆ ఫలితం నిలబడలేదు. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆకర్‌ఫెల్ట్, ఒక రసాయనాన్ని రోగుల సీరం తొందరగా ఆక్సీకరించి రంగు తేలుస్తోందని రాశాడు; దాంతో ఆ ఆక్సీకరణ చేసే, రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్ మీద అందరి కళ్లూ పడ్డాయి. తీరా చూస్తే ఆ తేడాకు ప్రధాన కారణం ఏళ్ల తరబడి ఆస్పత్రి తిండి తింటున్న రోగుల ఒంట్లో ఆ ఆక్సీకరణను అడ్డుకునే విటమిన్ సి తక్కువ కావడమేనని తేలింది. వ్యాధిని కొలుస్తున్నామనుకుని వంటశాలను కొలిచారన్నమాట.

ఆనాటి చిక్కు ఈనాటికీ తీరలేదు. రక్తరసంలోని ప్రొటీన్లలో అత్యధిక భాగాన్ని తయారుచేసేది కాలేయం. వాటి మోతాదు పొగతాగడం వల్ల, బరువు పెరగడం వల్ల, చిన్నపాటి ఇన్‌ఫెక్షన్ వల్ల, నిద్రలేమి వల్ల కూడా మారుతుంది. ఈ వ్యాధికి వాడే క్లోజాపిన్, ఓలాన్‌జాపిన్ వంటి మందులు బరువును, ఇన్సులిన్‌ను పెంచుతాయి. కాబట్టి మందులు వాడుతున్న రోగులను, వాడని ఆరోగ్యవంతులను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కనిపించే తేడా వ్యాధిదా, మందుదా అన్నది విడదీయడం కష్టం. తీసిన నమూనాలోంచి రక్తకణాలను వెంటనే వేరుచేయకుండా బల్ల మీద రెండు గంటలు వదిలేసినా కొన్ని ప్రొటీన్ల లెక్క తప్పుతుందని ల్యాబులో పనిచేసిన వారెవరైనా చెబుతారు. పైగా ఇప్పటి యంత్రాలు ఒకేసారి వేలాది ప్రొటీన్లను కొలవగలవు. 3,000 ప్రొటీన్లను కొలిచి, అన్నింటినీ ‘యాదృచ్ఛికంగా తేడా కనిపించే అవకాశం నూటికి అయిదు లోపు ఉంటే చాలు’ అన్న మామూలు గీటురాయితోనే చూస్తే, అసలు ఏ తేడా లేకపోయినా 150 దాకా ప్రొటీన్లు కేవలం యాదృచ్ఛికంగా తేడా ఉన్నట్టు కనిపిస్తాయి. 2010లో అమెరికాలో 51 ప్రొటీన్ల ఆధారంగా స్కిజోఫ్రెనియాను గుర్తించే పరీక్ష అమ్మకానికి వచ్చి, కొన్నేళ్లకే కనుమరుగైంది. వచ్చినప్పటి సందడి పోయినప్పుడు ఏ పత్రికలోనూ నాకు కనపడలేదు.

అంకెల సంగతి కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఈ వ్యాధి సుమారు 300 మందిలో ఒకరికి ఉంటుంది. నూటికి తొంభై సార్లు సరిగ్గా చెప్పే పరీక్ష ఉందనే అనుకుందాం. దానిని 3,000 మందికి చేస్తే నిజంగా వ్యాధి ఉన్న పదిమందిలో తొమ్మిది మందిని పట్టుకుంటుంది. వ్యాధి లేని 299 మందికి కూడా ఉందని చెబుతుంది. ఆ ముద్ర పడ్డాక దాన్ని చెరుపుకోవడం ఎంత కష్టమో ఈ వ్యాధి ఉన్న ఇళ్లవారికి తెలుసు.

అలాగని ఈ పరిశోధన వృథా అని నేను అనడం లేదు. జరిగిన మంచి పనిని కూడా పత్రికలు సరిగా చెప్పడం లేదన్నదే నా బాధ. 2016లో అమెరికాలోని హార్వర్డ్, బ్రాడ్ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు సి4 అనే ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువులను పరిశీలించి, మెదడులో ఒక రకం సి4 ఎక్కువగా తయారయ్యే వారికి స్కిజోఫ్రెనియా ముప్పు కొంత ఎక్కువని చూపారు. సి4 రోగనిరోధక వ్యవస్థకు చెందినది. తొలగించాల్సిన వాటికి గుర్తు వేయడం దాని పని. ఎదిగే వయసులో మెదడు అనవసరమైన సినాప్సులను (నాడీకణాల మధ్య ఉండే అతుకులను) కత్తిరించుకుంటుంది. ఆ కత్తిరింపు మోతాదు మించడమే వ్యాధికి ఒక కారణం కావచ్చునన్న ఊహకు దీనితో బలం వచ్చింది. అయితే రక్తంలోని సి4 ప్రధానంగా కాలేయం చేసినది, మెదడులోని సి4 అక్కడి కణాలు చేసుకున్నది. పేరు ఒకటే అయినంత మాత్రాన రక్తంలో దాన్ని కొలిచి మెదడులో జరుగుతున్నది చెప్పలేము.

ఇంతకంటే ఆశ్చర్యం కలిగించేది సీఆర్‌పీ కథ. ఒంట్లో వాపును సూచించే ఈ ప్రొటీన్ రోగుల రక్తంలో సగటున ఎక్కువగా ఉంటుంది. కానీ పుట్టుకతో వచ్చే జన్యువులను వ్యాధి గాని, మందులు గాని మార్చలేవు కనుక, సీఆర్‌పీని పెంచే జన్యు తేడాలు ఉన్నవారిలో వ్యాధి ఎంతమందికి వచ్చిందో లెక్కగట్టి చూస్తే, వారికి స్కిజోఫ్రెనియా ముప్పు కాస్త తక్కువగా ఉన్నట్టు పలు అధ్యయనాల్లో వచ్చింది. అంటే రోగిలో ఎక్కువగా కనిపించినదల్లా రోగకారణం కాదు. ‘ఈ ప్రొటీన్ పెరిగింది’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయే వార్తలో పాఠకుడికి అందనిది ఈ ముక్కే.

అందుకని నా విన్నపం ఒకటే. ఇలాంటి వార్త వేసేటప్పుడు పరిశీలించిన రోగులు మందులు మొదలుపెట్టని వారేనా, ఆ ఫలితం మరో చోట వేరే రోగుల్లో కూడా వచ్చిందా అని విలేకరులు అడిగి, జవాబును శీర్షికకు దగ్గర్లోనే అచ్చువేయాలి. నిజంగా ఈ రోజే పనికివచ్చే ప్రొటీన్ పరీక్ష ఒకటి ఉంది. దాని గురించి రాయండి. నాడీకణాల మీది ఎన్‌ఎండీఏ గ్రాహకాలపై (సంకేతాలను అందుకునే ప్రొటీన్లపై) దాడిచేసే యాంటీబాడీల (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రొటీన్ల) వల్ల, ముఖ్యంగా యువతుల్లో, అచ్చం భ్రమలతో వాస్తవ స్పృహ తప్పే సైకోసిస్‌లా మొదలయ్యే మెదడువాపు వస్తుందని నాడీవైద్యుడు జోసెప్ డాల్మౌ బృందం 2007లో వివరించింది. హఠాత్తుగా భ్రమలు మొదలై, వాటితో పాటు మూర్ఛ, జ్వరం, మాట తడబడడం, అసంకల్పిత కదలికలు వంటివి కనిపిస్తే ఆ యాంటీబాడీల కోసం వెతకాలి. రక్తం కన్నా వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో వెతికితే ఫలితం నమ్మదగినదిగా ఉంటుంది. సకాలంలో పట్టుకుంటే చాలామంది కోలుకుంటారు. పత్రిక ముక్క పట్టుకుని ల్యాబుకు వచ్చే కుటుంబం ఈ వార్త పట్టుకుని వస్తే, లోపల ఉన్నవారు లేదని తల అడ్డంగా ఊపనక్కర్లేదు.

భవదీయుడు,
విశ్రాంత ల్యాబ్ ఉద్యోగి, మీ పాఠకుడు