నీ గది గోడ మీద ఉన్న ఆవిడ గురించి

మల్కాపురం,
ఆదివారం రాత్రి.

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మకి మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది. చిన్నత్త వాళ్లు కొత్త ఇంట్లో పాలు పొంగించారు, నువ్వు రాలేదని అందరూ అడిగారు. ఆఫీసులో సెలవు దొరకలేదని చెప్పాను. నేను పెట్టిన నాలుగు మెసేజ్‌లకీ రెండేసి టిక్కులు పడ్డాయి గానీ నీ దగ్గర్నుంచి జవాబు లేదు. అందుకే కాగితం తీశాను. నీ గొంతు విని ఇవాళ్టికి 23 రోజులు. మొన్న రవణ బావ బెంగళూరు నుంచి వచ్చి ఏదో చెప్పాడు. దాని సంగతి తర్వాత రాస్తాను.

ఇంటికి రంగులు వేయిస్తున్నాం. నీ గదిలో గోడ మీది పోస్టర్ పీకేస్తానని పెయింటర్ అన్నాడు. వాడి చేతికిస్తే చింపేస్తాడని, తడిగుడ్డతో టేపు నానబెట్టి నేనే ఊడదీశాను. గంట పట్టింది. ఒక మూల కొంచెం చిరిగింది, ఏమీ అనుకోకు. జుట్టు విరబోసుకుని, తల్లో ఈకలు పెట్టుకుని, గుండ్రటి కళ్లద్దాలతో నవ్వుతున్న ఆవిడ. ఇన్నేళ్లూ రోజూ ఆ గదిలోకి వస్తూ పోతూ కూడా ఆవిడెవరని నిన్ను ఒక్కసారీ అడగలేదు. మంచం కింద అట్టపెట్టెలో ఆవిడ గురించి పుస్తకం దొరికింది, జానిస్ జోప్లిన్ అనే అమెరికా గాయనట. ఆవిడ చెల్లెలు లారా రాసింది. అక్క ఇంటికి రాసిన ఉత్తరాలు అందులో ఉన్నాయి. పక్కన డిక్షనరీ పెట్టుకుని పది రాత్రులు చదివాను. నువ్వు పెన్సిల్‌తో గీతలు గీసిన చోటల్లా ఆగి, రెండోసారి కూడా చదివాను.

జానిస్ జోప్లిన్ పుట్టింది 1943 జనవరి 19న, టెక్సస్‌లో పోర్ట్ ఆర్థర్ అనే ఊళ్లో. అదీ మనలాంటి ఊరే, రిఫైనరీల ఊరు. వాళ్ల నాన్న సెత్ టెక్సాకో కంపెనీలో ఇంజినీరు. అది చదవగానే కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. సాయంత్రం గాలి తిరిగితే మన వీధిలోకి వచ్చే ఆ గంధకం వాసన ఆ ఇంట్లోకీ వచ్చి ఉంటుంది. ఆయనా డ్యూటీ దిగి వచ్చి, చేతులు రెండుసార్లు కడుక్కుని పిల్లల్ని దగ్గరకు తీసుకుని ఉంటాడు. ఆయన పుస్తకాల మనిషి. కూతురికి చదివే అలవాటు ఆయన దగ్గర్నుంచే వచ్చింది.

వాళ్లమ్మ డొరొతీ పడుచుతనంలో బాగా పాడేదట. సంగీతానికి స్కాలర్‌షిప్ కూడా వచ్చింది. తర్వాత థైరాయిడ్ ఆపరేషన్‌లో గొంతు నరం దెబ్బతిని పాట పోయింది. ఇంట్లో పియానో అమ్మేశారు. ఆ ఇంట్లోంచే అలాంటి గొంతు వచ్చిందంటే ఏమనుకోవాలి! గొంతంటే గుర్తొచ్చింది, నీ గొంతు బాగా బొంగురుపోయిందని రవణ బావ అన్నాడు. ఈ పార్సిల్‌లో కరక్కాయలు పెట్టాను. దంచిన ముక్క రాత్రిపూట బుగ్గన పెట్టుకుని మెల్లగా రసం మింగు. వగరుగా ఉందని ఉమ్మేయకు. సంగీతం మాష్టారు కచేరీకి ముందు అదే చేసేవారు, నీకు తెలుసు కదా.

ఆ పిల్లని స్కూల్లో చాలా ఏడిపించారు. మొటిమలనీ, ఒళ్లనీ. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ వేరువేరుగా బతికే ఊళ్లో నల్లవాళ్ల పక్షాన మాట్లాడిందని తిట్టారు. తను వినేదే బెస్సీ స్మిత్, లెడ్ బెల్లీ లాంటి నల్లజాతి గాయకుల రికార్డులు. 1962లో ఆస్టిన్‌లో యూనివర్సిటీకి వెళ్తే, అక్కడి కుర్రాళ్లు ‘కాలేజీలోకెల్లా అందవిహీనమైన మగాడు’ అనే పోటీకి ఆమె పేరు ఇచ్చారు. బుజ్జీ, ఆ వాక్యం దగ్గర నాకు చేతులు వణికాయి. ఇంటర్‌లో నువ్వు రెండు నెలలు క్యాంటీన్‌కి వెళ్లకుండా టిఫిన్ బాక్సు క్లాసులోనే తిన్నావని నాకు మొన్న మొన్నటి దాకా తెలియదు. అమ్మ చెప్పింది. నువ్వు నాతో ఎందుకు చెప్పలేదో ఇప్పుడు అడగను. అప్పట్లో నాకు వరసగా నైట్ షిఫ్టులు.

ఆ పుస్తకంలో నాకు బాగా పట్టుకున్నది మాత్రం ఒక్క ఏడాది, 1965 నుంచి 66 వరకు. కొంచెం వివరంగా రాస్తాను, విసుక్కోకుండా చదువు.

1963 జనవరిలో చదువు ఆపేసి, దారిన పోయే బళ్లు ఆపుకుంటూ ఒక స్నేహితుడితో శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లింది. రెండేళ్లయ్యేసరికి మత్తుమందులకి మనిషి చిక్కి శల్యమైపోయింది. చివరికి స్నేహితులే పార్టీ పెట్టి, వచ్చిన డబ్బుతో బస్సు టిక్కెట్టు కొని ఇంటికి పంపారు. అమ్మానాన్నలు ఏమీ అనకుండా తీసుకున్నారు. అప్పుడు ఆ పిల్ల ఎంత మారిపోవాలని చూసిందో! జుట్టు ముడి వేసుకుంది. పొడుగు చేతుల బట్టలు కట్టుకుంది. మందు మానేసి లామార్ కాలేజీలో చేరింది. పక్క ఊరు బోమాంట్‌లో కౌన్సెలర్ దగ్గరికి మానకుండా వెళ్లేది. మళ్లీ పాటల్లోకి వెళ్తే మళ్లీ మత్తులో పడతానేమోనని ఆమె భయం. పాడాలంటే మత్తు అక్కర్లేదమ్మా అని ఆయన ధైర్యం చెప్పేవాడు. మధ్యమధ్య ఆస్టిన్ వెళ్లి, గిటారు పట్టుకుని ఒక్కతే పాడి వచ్చేది. ఈలోగా నచ్చిన అబ్బాయి నీలం సూటు వేసుకుని ఇంటికే వచ్చి, నాన్న ఎదుట కూర్చుని పిల్లనిమ్మని అడిగాడు. తల్లి పెళ్లి పనులు మొదలుపెట్టింది. ఆ రాత్రి ఆ తండ్రి ఎంత హాయిగా నిద్రపోయి ఉంటాడో నేను ఊహించగలను. అంతలోనే ఆ అబ్బాయి వద్దన్నాడు. సంబంధం పోయింది.

1966 వేసవిలో ఆస్టిన్ వెళ్లొస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరింది. తర్వాత వచ్చింది ఉత్తరం. భయపడుతూనే చెప్తున్నాను, శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్నాను అని. బిగ్ బ్రదర్ అండ్ ది హోల్డింగ్ కంపెనీ అనే బ్యాండ్‌లో పాడటానికి పిలిచారు అని. మిమ్మల్ని ఇంత నిరాశ పెట్టినందుకు క్షమించండి అని. చివర్లో ఇంకో మాట ఉంది: నేను గెలవాలని మీకెంత ఉందో, అంతకన్నా నాకే ఎక్కువ ఉందని నమ్మండి అని. దాని కింద నువ్వు పెన్సిల్‌తో రెండు గీతలు గీశావు. రెండో గీతకి కాగితం కొంచెం చిరిగింది. ఆ చిరుగు మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అబద్ధం చెప్పి వెళ్లింది, నిజమే. కానీ అక్కడికి చేరగానే రాసింది. తర్వాత కూడా రాస్తూనే ఉంది. అద్దె గది గురించి, కుట్టించుకున్న బట్టల గురించి, జార్జ్ అనే కుక్కపిల్ల గురించి. పేపర్లో తన పేరు పడితే దాని గురించి. అంత పేరొచ్చాక కూడా అమ్మకి చెప్పుకోవాలనిపించింది ఆ పిల్లకి. నేను చెప్పేది అదే.

1967 జూన్‌లో మాంటెరీ ఉత్సవంలో పాడిన వీడియో ఫోన్‌లో చూశాను. మొదటి రోజు పాడింది కెమెరాకి ఎక్కలేదట, అందుకని మర్నాడు మళ్లీ పాడించారు. అది బిగ్ మామా థార్న్‌టన్ పాట. ఘంటసాల గారిని వింటూ పెరిగిన చెవులు నావి, మొదటిసారి తట్టుకోలేక ఆపేశాను. మర్నాడు మళ్లీ పెట్టాను. మూడోసారికి అర్థమైంది, అది అరుపు కాదు. సన్నగా మూలుగులా మొదలై, ఒక్కో మెట్టూ ఎక్కి, ఉన్నట్టుండి ఆగి, మళ్లీ గుసగుసలోకి దిగుతుంది. ఎక్కడ ఆపాలో తెలిసిన గొంతు. నాభిలోంచి రావాలమ్మా అని మాష్టారు నీకు చెప్పేవారే, అదే. ముందు వరుసలో మామా కాస్ అనే గాయని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

1968లో వాళ్ల చీప్ థ్రిల్స్ రికార్డు 8 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ ఏడాది చివర్లోనే బ్యాండ్ వదిలేసింది. కొత్త బ్యాండు, వుడ్‌స్టాక్ సంగీత ఉత్సవం, ఇంకో రికార్డు, ఇంకో బ్యాండు. చుట్టూ మందు, మత్తు. లెక్కేస్తే 66 జూన్ నుంచి 70 అక్టోబరు దాకా నాలుగేళ్ల నాలుగు నెలలు. బతికుండగా వచ్చినవి మూడే రికార్డులు.

1970 ఆగస్టులో రెండు పనులు చేసింది. సమాధి మీద రాయి కూడా లేకుండా పడి ఉన్న బెస్సీ స్మిత్‌కి, ఇంకొకావిడతో కలిసి చెరి సగం డబ్బు వేసుకుని రాయి పెట్టించింది. ఆవిడ పోయి అప్పటికి దాదాపు 33 ఏళ్లు. గురుదక్షిణ అంటే అదీ. రెండోది, స్కూలు వాళ్ల పదేళ్ల కలయికకి పోర్ట్ ఆర్థర్ వెళ్లింది. విలేకరులు స్కూలు రోజుల గురించి అడుగుతుంటే నవ్వుతూ నవ్వుతూనే ముఖం ఎలా ముడుచుకుపోయిందో వీడియోలో కనిపిస్తుంది. అంత పెద్ద గాయని, ఆ ఊరి దగ్గరికొచ్చేసరికి మళ్లీ స్కూల్లో అందరూ ఏడిపించిన ఆ పిల్లే అయిపోయింది.

ఆ తర్వాతిది రాయడానికి నాకు మనసు రావడం లేదు గానీ రాస్తాను. లాస్ ఏంజిలెస్‌లో పెర్ల్ అనే రికార్డు చేస్తున్నారు. కొన్ని నెలలు హెరాయిన్ మానేసిన మనిషి ఆ రోజుల్లోనే మళ్లీ పట్టుకుంది. అక్టోబరు 3 రాత్రి స్టూడియోలో ఒక పాటకి వాయిద్యాలు పూర్తయ్యాయి. మర్నాడు తను వచ్చి పాడాలి. హోటల్‌కి వచ్చింది, గదిలో హెరాయిన్ తీసుకుంది, కింద లాబీలో 5 డాలర్ల నోటుకి చిల్లర తీసుకుని సిగరెట్లు కొనుక్కుని గదికి వెళ్లింది. అంతే. మర్నాడు స్టూడియోలో అందరూ ఎదురుచూశారు. సాయంత్రం తోడుండే మేనేజర్ వచ్చి చూస్తే హోటల్ బయట కారు అలాగే ఉంది, గదిలో మనిషి నేల మీద ఉంది. చేతిలో నాలుగున్నర డాలర్ల చిల్లర. దాదాపు 18 గంటలు ఎవరూ ఆ తలుపు తట్టలేదు. 27 ఏళ్లు. పాడకుండా మిగిలిన ఆ పాట రికార్డులో వట్టి వాయిద్యాలతోనే ఉంది. అది పెట్టుకుని విన్నాను. ఎక్కడ గొంతు అందుకోవాలో అక్కడ ఎవరూ అందుకోరు.

వచ్చే నెల నీకు 27 నిండుతాయి. నువ్వు అలాంటివి ముట్టుకుంటావని నేను అనడం లేదు. ఆ మాట అనుకున్నా నా నోరు పడిపోవాలి. కానీ ఒక్కదానివీ గదిలో ఉంటావు. తాళం చెవి ఒకటి ఎదురింటావిడ దగ్గర ఉంచు. నీ బ్యాండ్ పిల్లల్లో ఒకరి నంబరు నాకు పంపు, ఊరికే చేసి విసిగించను. రాత్రి ప్రోగ్రాం అయ్యాక ఆటోలో ఒక్కదానివే రాకు. ఎవరిచ్చిన గ్లాసూ తాగకు, మూత తీయని నీళ్ల సీసా నీ సంచిలోనే పెట్టుకో. ప్రోగ్రాంకి ముందు పెరుగన్నం వద్దు, వేడిగా రెండు ఇడ్లీ తిను. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు ఫొటో తీసి పంపు, మన లాయరు గారికి చూపిస్తాను. ఇయర్ ప్లగ్స్ రెండు జతలు పెట్టాను. కంప్రెసర్ హౌస్‌లో మొదటి ఆరేళ్లు అవి పెట్టుకోకే నా ఎడమ చెవి ఇలా అయింది. డ్రమ్ముల పక్కన నిలబడతావు కదా, పెట్టుకో.

ఇక రవణ బావ చెప్పింది. నువ్వు ఉద్యోగం మానేసి మూడు నెలలైందట. రాత్రుళ్లు పాడుతున్నావట. ఆ రోజు ఫోన్లో నేనన్న మాట, ఇంజినీరింగ్ చదివించింది పబ్బుల్లో అరవడానికా అన్నది, అప్పటికే నువ్వు మానేశావన్న మాట. చెప్పడానికే ఫోన్ చేసి ఉంటావు, నేను చెప్పనివ్వలేదు. 23 రోజుల నుంచీ ఆ మాటే నా చెవిలో తిరుగుతోంది. తప్పు నాదే తల్లీ. అరవడం అన్నాను, అది అరవడం కాదని ఇప్పుడు నాకు తెలుసు. రవణ బావ తీసిన వీడియో ఉంది, చివర్లో నువ్వు గొంతు తగ్గించి పాడిన రెండు లైన్లు నేనూ అమ్మా చాలాసార్లు విన్నాం. అమ్మ ఏడ్చింది.

అద్దె ఎలా కడుతున్నావో తెలియదు. నీ ఖాతాలో కొంత వేశాను, వెనక్కి పంపకు. జలుబు చేస్తే మాత్రం పాడకు, రెండు రోజులు నోరు కట్టుకో. రావాలనిపిస్తే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కేయి, ముందు చెప్పకపోయినా పర్లేదు, ఎందుకొచ్చావని ఈ ఇంట్లో ఎవరూ అడగరు. రావడం కుదరకపోతే రోజూ రాత్రి గదికి చేరాక ఒక్క అక్షరం పెట్టు. ‘ఊ’ అని పెట్టినా చాలు, నేను మేలుకునే ఉంటాను.

పార్సిల్‌లో ఆవకాయ సీసాకి రెండు కవర్లు చుట్టాను, నిలబెట్టే విప్పు. సున్నుండలు అమ్మ చేసింది, నెయ్యి ఎక్కువైందంటోంది, బానే ఉన్నాయి.

గదికి లేత పసుపు రంగు వేయించాం. పోస్టర్‌కి చిరిగిన మూల వెనక నుంచి అతికించి, అద్దం కట్టించి, బీరువా పక్కన నిలబెట్టాను. మేకు ఎక్కడ కొట్టాలో నువ్వు వచ్చి చూపించు.

ఇట్లు,
నాన్న