పదును చెప్పే లెక్క కావాలి

సంపాదకులకు నమస్కారం.

మాది అనంతపురం జిల్లా. నైరుతి మబ్బుల తడిలో ఎక్కువ భాగం పడమటి కనుమల అవతలే కురిసిపోతుంది. మాకు ఏడాది సగటు సుమారు 550 మిల్లీమీటర్లే. మృగశిర కార్తె రాగానే మా నాన్న చేలో మన్ను పిడికిట్లో నొక్కి చూస్తాడు. ముద్దయి, వేలు తాకగానే విడిపోతే పదును, అంటే విత్తడానికి సరిపడా తడి, ఉన్నట్టు. అప్పుడే వేరుశనగ విత్తుతాం. చిన్నప్పుడు వాన కోసం రోకలికి కప్పను కట్టి ఇంటింటా నీళ్లు పోయించుకున్నాం. ఇప్పుడు ఫోన్లో మబ్బులు చూస్తున్నాం, టెన్షన్ మాత్రం అదే.

వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు పడినా వర్షపు రోజే. ఆ తడికి విత్తనం మొలవదు. మా ఊళ్లో కురిసిన వాన పక్క ఊళ్లో ఉండదు. జిల్లా సగటుతో మాకేం తెలుస్తుంది? విత్తే రోజుల్లోనైనా మండలాలవారీ వర్షపాతం రోజూ వేయండి.

– ఒక రైతుబిడ్డ, అనంతపురం జిల్లా